ఒకే ఊరు, రెండు జెండాలు

లాస్ ఏంజెలెస్ వెళ్లొచ్చినవాళ్లు ముందుగా చెప్పేది అక్కడి ట్రాఫిక్ గురించే. ఆ ఊరి రెండు ఫుట్‌బాల్ క్లబ్బుల పోటీకి అభిమానులు పెట్టుకున్న పేరూ అదే, ‘ఎల్ ట్రాఫికో’.

పాతది గెలాక్సీ. 1996లో మేజర్ లీగ్ సాకర్ మొదలైననాటి జట్టు, మైదానం కార్సన్‌లో. కొత్తది ఎల్‌ఏఎఫ్‌సీ, 2018లో బరిలోకి దిగింది. అంతకుముందు చీవాస్ యూఎస్‌ఏ అనే క్లబ్బు ఉండేది. అది గెలాక్సీ మైదానంలోనే ఆడుతూ 2014లో మూతపడింది. సొంత గూడు లేని జట్టుకు సొంత జనం కుదురుకోవడం కష్టమే. ఎల్‌ఏఎఫ్‌సీ అందుకే ఎక్స్‌పొజిషన్ పార్క్‌లో తన స్టేడియం తానే కట్టుకుంది.

తొలి పోరు 2018 మార్చి 31న, కార్సన్‌లో. కొత్త జట్టు 3-0తో దూసుకుపోయింది. గెలాక్సీ ఒక గోల్ తీర్చాక, 71వ నిమిషంలో ఆ జట్టు స్ట్రైకర్ జ్లాటన్ ఇబ్రహిమోవిచ్ లోపలికొచ్చాడు. మేజర్ లీగ్ సాకర్‌లో అతనికదే మొదటి ఆట. స్కోరు 3-2 అయింది. అంతలో బంతి నేలను తాకి పైకి లేచింది. గోల్ ఇంకా సుమారు 40 గజాల దూరం. అతను ఆగలేదు, ఆపలేదు, అలాగే కొట్టాడు. ముందుకొచ్చిన గోల్‌కీపర్ నెత్తిమీదుగా వెళ్లి వలలో పడింది! చివరి క్షణాల్లో తలతో మరొకటి. గెలాక్సీ 4-3. ఆ ఒక్క సాయంత్రంతోనే ఈ వైరానికి వేళ్లు దిగాయని నా నమ్మకం.

2022లో ఎల్‌ఏఎఫ్‌సీ, 2024లో గెలాక్సీ లీగ్ కప్పు ఎత్తాయి. 2023 జూలై 4న రోజ్ బౌల్ స్టేడియంలో వీళ్ల పోరు చూడ్డానికి వచ్చినవాళ్లు 82,110 మంది.