రెండో లెక్క కూడా చూడాలి
(బోద్రీలో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల కోసం ఐవీఎఫ్ వంటి చికిత్సలు చేయించుకునే జంటలు మన కుటుంబాల్లోనూ ఉన్నారు. స్కానింగ్‌లో గర్భసంచిలో బిడ్డ కనబడగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ సంతోషంలో మరుగున పడే ఒక ప్రమాదం గురించి చెబుతాను.

అరుదుగా ఒక పిండం గర్భసంచిలో, ఇంకొకటి ఫాలోపియన్ ట్యూబులో ఒకేసారి పెరుగుతాయి. దీన్ని హెటెరోటోపిక్ ప్రెగ్నెన్సీ అంటారు. సహజంగా వచ్చే గర్భాల్లో ఇది సుమారు 30,000కు ఒకటి అని చెబుతారు. చికిత్సతో వచ్చిన గర్భాల్లో 1,000కి ఒకటి, కొన్ని లెక్కల్లో అంతకన్నా ఎక్కువే. మందుల వల్ల ఎక్కువ అండాలు విడుదల కావడం, ఒకటికి మించి పిండాలను ప్రవేశపెట్టడం, ట్యూబులు ముందే దెబ్బతిని ఉండటం ఇందుకు కారణాలు.

గర్భసంచిలో బిడ్డ ఉండటం వల్ల హెచ్‌సీజీ రక్తపరీక్ష మామూలుగానే కనిపించవచ్చు. అదే చిక్కు. ఒక ఖాతా టాలీ అయిందని రెండోది చూడకుండా మనం రోజు ముగించం కదా! స్కానింగ్ గదిలో కూడా అంతే. "ట్యూబుల వైపు కూడా చూశారా డాక్టర్ గారూ?" అని మొహమాటం లేకుండా అడగండి.

మొదటి మూడు నెలల్లో పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, రక్తం కనబడటం, కళ్ళు తిరగడం, భుజం నొప్పి ఉంటే "గ్యాసేలే, పొద్దున చూద్దాం" అనకండి. ట్యూబు పగిలితే కడుపులోపలే రక్తస్రావం జరుగుతుంది, తల్లి ప్రాణానికే ముప్పు. బోద్రీలో ఉన్నవాళ్ళు రాత్రివేళ బిలాస్‌పూర్ వెళ్ళడానికి వాహనం ఎవరిదో, ఏ ఆసుపత్రిలో రాత్రి కూడా ఆపరేషన్ చేస్తారో ముందే తెలుసుకోండి. చికిత్స ఫైలు, బ్లడ్ గ్రూపు వివరం ఒకే సంచిలో ఉంచండి. వెళ్ళగానే సంతాన చికిత్స జరిగిందని చెప్పండి.

మామూలు ట్యూబు గర్భానికి కొన్నిసార్లు ఇచ్చే మెథోట్రెక్సేట్ మందు ఇక్కడ పనికిరాదు, అది గర్భసంచిలోని బిడ్డకు హాని చేస్తుంది. అందుకే ఎక్కువగా లాప్రోస్కోపీతో ఆ ట్యూబు తీసేస్తారు. సమయానికి చేస్తే చాలామందిలో లోపలి బిడ్డ నెలలు నిండి క్షేమంగా పుడుతుంది.

అత్తగార్లకు, అమ్మలకు ఒక మనవి. ట్యూబు తీశారని ఆ పిల్లను ఎవరూ ఒక మాట అనకండి. ఇందులో ఆమె తప్పేమీ లేదు. ఐవీఎఫ్‌కు ట్యూబుతో పనే లేదు. ఆ సమయంలో ఆమెకు కావలసింది విశ్రాంతి, పక్కన ఒక మనిషి.