వీధి ఎవరిది?

ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా కదలాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 2016 లెక్కల్లో 11–17 ఏళ్ల వారిలో ఐదుగురికి నలుగురు ఆ మాత్రం కదలడం లేదని తేలింది. నేరం ఫోను మీద తోసెయ్యడం తేలిక. గుమ్మం దాటితే ఏముందో కూడా చూడాలి కదా!

నెదర్లాండ్స్‌లో 1971లో 400 మందికి పైగా పిల్లలు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. తల్లిదండ్రులు ఆందోళనకు దిగారు. ఆ రోజుల్లోనే డెల్ఫ్ట్ పట్టణంలో ఇళ్ల మధ్య వీధుల రూపు మార్చారు. తిన్నని దారిని వంపులు తిప్పారు, చెట్లు నాటారు, కాలిబాట గట్టు తీసేశారు. కారు మనిషి నడకతో సమానంగా పోవాలి. పిల్లలు దారి మధ్యలోనే ఆడుకోవచ్చు. 1976లో దీనికి చట్టం కూడా వచ్చింది. ‘రోడ్డు మీద ఆటలేంట్రా!’ అని కసిరే మనకు ఇది వింతే.

దగ్గర్లో పార్కు ఉన్నంత మాత్రాన చాలదు. మధ్యలో లారీలు తిరిగే రోడ్డుంటే ఏ తల్లి పంపుతుంది? దీపం వెలగని సందయితే ఆడపిల్ల ఆట పొద్దుగూకకముందే ఆగిపోతుంది. కాలనీ సంఘాలు పార్కింగు గురించి గంటలకొద్దీ వాదించుకుంటాయి. అదే సమావేశంలో, ఆదివారం పొద్దున రెండు గంటలు పిల్లల ఆట కోసం ఏ వీధిలో బండ్ల రాకపోకలు ఆపాలో కూడా తేల్చవచ్చు.