స్నానాలగది బీరువాకు క్రొత్త రంగు

మా భీమవరములో పాత ఇంటిని బాగుచేయించుకొనువారు మొదట వదలించుకొనునది స్నానాలగదిలోని చెక్కబీరువా. రంగు వెలసినదని దానిని పాతసామానులవానికిచ్చి, రంపపుపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకల బీరువాను తెచ్చుకొందురు. ఆ పలకల అంచున నీరు దిగినచో ఉబ్బును. ఉబ్బినదానిని సరిచేయుట ఎవరి తరము కాదు. పారవేసినదో, టేకు. ఒకప్పుడు ఎగువ అడవులనుండి తెప్పలుగా కట్టి గోదావరి మీదుగా రాజమహేంద్రవరము చేర్చిన కర్ర అట్టిది. దానికి చెడినది పైపూత మాత్రమే. ఆ పూతను మనము ఇంటిలోనే మార్చుకొనవచ్చును.

ముందుగా తలుపు అంచు చూడవలెను. చారలు అంచువరకు సాగినచో అది నిండు కర్ర. అంచున పొరలు కనబడినచో ప్లైవుడ్డుపై అతికిన పలుచని టేకురేకు; గట్టిగా రుద్దిన అరిగిపోవును.

బీరువాపై పాత ఎనామెలు రంగున్నచో మరింత జాగ్రత్త వలయును. రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నిబంధన మన దేశమున 2017 నవంబరు నుండియే అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు రంగును పొడిగా రుద్దినచో ఆ ధూళి పసిపిల్లలకు విషము. తడిపి రుద్దవలెను, ముక్కునకు ముసుగు ధరించి, తీసిన మడ్డిని తడిగుడ్డతో ఎత్తవలెను.

బందులు, మరలు ఊడదీసి, పాత వార్నీషును 120వ నంబరు ఉప్పుకాగితముతో తీసి, పిమ్మట 180తో, చారల వెంబడినే రుద్దవలెను. అడ్డముగా రుద్దిన గీతలు రంగు పెట్టగానే బయటపడును. టేకులో సహజముగా నూనె ఉండును గనుక రంగుకు ముందు స్పిరిటుతో ఒకమారు తుడుచుట మంచిది.

కర్రలో ఇంకు రంగు కర్రను ముదురు చేయగలదు గాని లేత చేయజాలదు. తెల్లని బీరువా కావలెనన్న ఈ శ్రమ వలదు. తలుపు లోపలివైపున కొంచెము పూసి చూచి, నచ్చినచో గుడ్డతో అంతటను పట్టించి, కొన్ని నిమిషములలో మిగులును తుడిచివేయవలెను. తుడువక వదలినచో జిడ్డుగా నిలిచి ఎన్నటికిని సరిగా ఆరదు.

రంగు అందము నిచ్చును గాని నీటిని ఆపదు. ఇచటనే పలువురు పొరపడుచున్నారు. మన వడ్రంగులు ఇష్టపడు చపడా పాలిషు కూర్చుండు గదికి శోభ. స్నానాలగదిలో నీరుపడిన చోట తెల్లని మచ్చలు వేయును. ఇచట పాలీయూరిథేను వార్నీషు మూడు పూతలు కావలెను, అదియును వెనుకవైపునకు, తలుపు అడుగు అంచునకు గూడ. చెమ్మ ప్రవేశించునది ఆ కనబడని అంచులనుండియే.

మృగశిర కార్తెకు ముందే ముగించుట యుక్తము. వానగాలిలో పూత ఆరదు. అట్లని రోహిణి ఎండలో పెట్టరాదు. కర్ర బీటలు వారును. గాలి పారు నీడయే తగినది.

అవిసెనూనె కలిసిన రంగు తుడిచిన పేలికలను ముద్దచేసి మూల పడవేయరాదు. ఆరునప్పుడు పుట్టు వేడి లోపల చిక్కి, నిప్పు సోకకనే అవి అంటుకొనును. నీటిలో ముంచి, ఆరుబయట విడివిడిగా పరచి ఆరబెట్టవలెను.

పూత పైకి ఆరినను లోపల గట్టిపడుటకు ఒక వారము పట్టును. అంతవరకు ఇంటిల్లిపాదికిని స్నానము పెరటిలోనే.