కొత్త రచ్చబండలు – వాడుకరుల కోరికలు
(యరమరస్ పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మేము నేడు ముచ్చటింపబూనిన విషయము పేరు వినుటకు కొంత కఠినము. బ్లాక్‌చెయిన్ అనగా గొలుసుకట్టు చిట్టా. పూర్వము మన ప్రాంతమున పట్వారీ చేతిలోని పహాణీలో ఒక్క అక్షరము మారినను రైతు బ్రతుకు మారెడిది. ఈ కొత్త చిట్టా ప్రతులు అనేకుల కంప్యూటర్లలో నుండును. ప్రతి పుటయు వెనుకటి పుటతో ముడివడి యుండుటచే, ఒకడు తన ప్రతిని రహస్యముగా దిద్దినచో మిగిలినవి దానిని పట్టియిచ్చును. ఇట్టి చిట్టాపై జనులు తమ వ్రాతలు నిలుపుకొని, చర్చించుకొను వేదికలలో పేరుపొందినది 2016లో ఆరంభమైన స్టీమిట్.

యజమాని లేని రచ్చబండ యని పలువురు దానిని మెచ్చుకొనిరి. మరి ఆ రచ్చబండపై తీర్పు చెప్పువారెవరు? ‘సాక్షులు’ అనువారు. వారిలో ప్రధానులు 20 మంది. వారిని ఎన్నుకొనువారు వాడుకరులే. కాని ఓటు తలకొక్కటి కాదు. ఎవరియొద్ద ఎన్ని నాణెములున్నవో వారికంత బలము. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

2020 ఫిబ్రవరిలో జస్టిన్ సన్ అను వ్యాపారి స్టీమిట్ సంస్థను కొనెను. ఆ సంస్థకు మొదటినుండియు పెద్ద నాణెముల రాశి కలదు. దానిని వేదిక అభివృద్ధికే వినియోగింతుమనియు, ఎన్నికలలో వాడమనియు పూర్వపు యాజమాన్యము చెప్పియుండెను. ఆ మాట నిలుచునో లేదో యని శంకించిన సాక్షులు ఆ నెలలోనే ఆ రాశిని స్తంభింపజేసిరి. మార్చి 2న కొన్ని నాణెముల మారకపు సంస్థలు, తమ ఖాతాదారులు దాచుకొన్న నాణెముల బలముతోనే ఓట్లువేయగా, పాత సాక్షులు పదవులు కోల్పోయిరి. దాచుమని యిచ్చిన నగలు ధరించి షాహుకారు పెండ్లికి వెళ్లినట్లయినది! మార్చి 20న అసమ్మతులు వేరుపడి ‘హైవ్’ అను కొత్త గొలుసును ఆరంభించిరి. పాత వ్రాతలును ఖాతాలును అందులోనికి వచ్చినవి. ఆ సంస్థ రాశి మాత్రము రాలేదు. మే నెలలో పాత గొలుసువారు 64 ఖాతాలనుండి సుమారు 2 కోట్ల 36 లక్షల నాణెములను లాగికొనిరి. ఎవరిది న్యాయమని మమ్మడిగినచో, సొమ్ము ముట్టరాదను నియమమును ఇరుపక్షములును తమ యవసరము వచ్చినపుడు సడలించినవని చెప్పుదుము.

ఈ యనుభవముతో హైవ్‌వారు ఒక కట్టుబాటు చేసికొనిరి: కొత్తగా కూడబెట్టిన నాణెములకు సాక్షుల యెన్నికలో బలము 30 దినములు గడచిన పిదపనే వచ్చును. రాత్రికి రాత్రి గద్దె కొనుటకు వీలులేదు. ఇది మాకు మంచి యేర్పాటుగా తోచుచున్నది.

అట్లైన తలకొక్క ఓటే పెట్టరాదా యని మీరడుగవచ్చును. ముఖము కనబడని చోట ఒక్కడే నూరు పేర్లతో నూరు తలలు కాగలడు. దానిని వారింప ప్రతివాని గుర్తింపు పత్రమును అడుగవలెను. అది వేరొక భయము. ఓటు ఉన్నను సరిపోదనుటకు ఫేస్‌బుక్ సాక్ష్యము. 2012 డిసెంబరులో వాడుకరుల ఓటు హక్కును తీసివేయుటపై అచ్చట ఓటు జరిగెను. ఓటు వేసిన సుమారు 6 లక్షల 68 వేలమందిలో నూటికి 88 మంది వలదనిరి. కాని వాడుకరులలో నూటికి 30 మంది పాల్గొననిదే తీర్పు చెల్లదను నియమముండెను; హక్కు పోయెను.

మా యభిప్రాయమున సామాన్య వాడుకరి దినదినము పరిపాలన చేయగోరడు. నియమము మార్చుటకు ముందు చెప్పుడు, తన వ్రాత మరుగుపరచిన కారణము తెలుపుడు, మరల విచారింపుడు, పోవలెనన్న నా వ్రాతలను నాతో పోనిండు – ఇంతమాత్రమే యడుగును. 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియాలో చర్చాస్థలము పేరే రచ్చబండ. అచ్చట నాణెముల బలము లేదు. చర్చించి సమ్మతికి వచ్చుటయే పద్ధతి. ఆ చర్చ మన భాషలో జరుగుట మరింత ముఖ్యము.

ఈ సంగతి మనకు వేరుగా బోధింపనక్కరలేదు. 1956 నవంబరు 1న గద్వాల, ఆలంపురము ఆంధ్రప్రదేశమునకు పోగా, రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరెను. ఓట్ల లెక్కయే సర్వమైనచో ఇట్టిచోట తెలుగు పిల్లవానికి పలక దొరకునా? అందుచేతనే ఆ సంవత్సరమే రాజ్యాంగమున 350-ఎ అధికరణమును చేర్చి, అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యము కల్పింప ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని విధించిరి. గొలుసుల వేదికలకును ఇట్టి రక్షణ కావలెను. హైవ్‌వారు వేరుపడగలిగిరి, మనము యరమరస్‌ను రెండుగా చీల్చుకొనలేము గదా!

విద్యార్థులారా, ఇంకొక మాట. ఈ చిట్టాలో నిలిపిన వ్రాతను చూపకుండ మరుగుపరచవచ్చునుగాని, అన్ని ప్రతులనుండి తుడుచుట దాదాపు అసాధ్యము. పండ్రెండేండ్ల వయసున కోపముతో వ్రాసిన పంక్తి ఇరువదియైదేండ్ల వయసున ఉద్యోగమునకు పోవునాడు ఎదురుపడవచ్చును. ఎవరును చెరుపరాని చిట్టా కావలెనని కోరిన వాడుకరులే, నా వ్రాతను నేను చెరుపుకొనవలెనని కూడ కోరుచున్నారు. ఈ రెండింటిని పొత్తుపరచు విద్య యేదో మీ తరమువారే కనిపెట్టవలసియున్నది.