గూర్ఖా ఈల వినపడని రాత్రి

ఈ కార్యక్రమంలో ఎప్పుడూ వంటల గురించో, వీసాల గురించో, పిల్లల చదువుల గురించో మాట్లాడుతుంటారు. ఈ వారం నన్ను కంప్యూటర్ల గురించి మాట్లాడమన్నారు. మనవాళ్ళ ఇళ్ళల్లో ఆన్‌కాల్ ఫోను తలగడ కింద పెట్టుకుని పడుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు కదా అని ఒప్పుకున్నాను. ఆ పని చెయ్యనివాళ్ళు కూడా వినండి. మీ ఇంటాయనో ఇంటావిడో అర్ధరాత్రి ఎందుకు లేచి కూర్చుంటారో కొంత తెలుస్తుంది.

నాగియోస్ అని ఒక సాఫ్ట్‌వేరు ఉంది. ఈతన్ గాల్‌స్టాడ్ అనే ఆయన 1999లో దాన్ని నెట్‌సెయింట్ అనే పేరుతో బయటికి తెచ్చారు. ట్రేడ్‌మార్కు చిక్కు వస్తుందని 2002లో పేరు మార్చారు. సెయింటు బిరుదు కోసం మేం పట్టుబట్టం అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే నాగియోస్ అయిందట. పేరు పోయినా చమత్కారం పోలేదు, చూశారా! అది చేసే పని కాపలా. నాలుగైదు నిమిషాలకోసారి ప్రతి సర్వరునీ పలకరించి, పలకకపోతే మనకి మెయిలో మెసేజో పంపుతుంది. ఏ సర్వరుని చూడాలి, అందులో ఏం చూడాలి, ఎవరిని లేపాలి అన్నవి మనం మామూలు టెక్స్టు ఫైళ్ళలో రాసి పెట్టాలి. వాటినే కాన్ఫిగరేషన్ ఫైళ్ళంటారు. వాటిలో ఒక్క అక్షరం తప్పినా అది అసలు మొదలవ్వదు.

2007లో నేను న్యూజెర్సీలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. హెచ్‌వన్ వీసా, ఆరు నెలల పాప, సాయానికి తెనాలి నుంచి వచ్చిన అమ్మ. టీములో ముగ్గురం తెలుగువాళ్ళం కావడంతో సర్వర్లన్నిటికీ నదుల పేర్లు పెట్టాం. కృష్ణలో ఆర్డర్ల డేటాబేసు ఉండేది. కొత్తగా తుంగభద్ర వచ్చింది. దాన్ని నాగియోస్‌లో చేర్చినవాడు లక్నో కుర్రాడు. దాని మీద సర్వీసులు రాయడం నా వంతు. ఒక సాయంత్రం ఇంటి నుంచే రాశాను. నాగియోస్‌ని ఆపు, మళ్ళీ మొదలుపెట్టు అని రెండు కమాండ్లూ ఒకే లైనులో కొట్టాను. ఈలోగా పాప ఏడ్చింది, లాప్‌టాప్ మూసేశాను.

ఆ రాత్రి ఫోను మోగలేదు. నెలల తరవాత ఒళ్ళు మరిచి నిద్రపోయాను. పొద్దున్నే అమ్మ కాఫీ ఇస్తూ అంది: "రాత్రి నీ ఫోను గోల లేదే అమ్మాయ్! ఏమైనా పాడయిందా? మన వీధి గూర్ఖా ఈల వినపడకపోతే మీ నాన్నగారు లేచి గేటు దాకా వెళ్ళి చూసొచ్చేవారు, గుర్తుందా?"

నాకు గుండె జారిపోయింది. లాగిన్ అయ్యేసరికి కృష్ణలో డిస్కు నిండిపోయి నాలుగు గంటలయింది. ఆర్డర్లన్నీ ఆగిపోయాయి. మాకా సంగతి చెప్పింది ఒక కస్టమరు. ఆ వారమంతా, ఉద్యోగం పోతే పాపనెత్తుకుని ఇన్ని రోజుల్లో దేశం వదలాలి అని లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. మా మేనేజరు మంచివాడు కాబట్టి గండం గడిచింది.

తప్పేమిటంటే, లక్నో అబ్బాయి తుంగభద్రని టి, యు అని మొదలుపెట్టాడు. నేను మన అలవాటు ప్రకారం టి, హెచ్, యు అని రాశాను. అతనికి ఫోను చేసి "తుంగభద్రేగా?" అంటే "అవును, తుంగభద్రే" అన్నాడు. చెవికి ఇద్దరిదీ ఒకటే. కంప్యూటరుకి మాత్రం అవి రెండు నదులు. ఆ పేరుతో హోస్టేదీ దొరకలేదు అని స్క్రీను మీద రాసి మరీ ఆగిపోయింది. చూడాల్సిన నేను పాప దగ్గరున్నాను.

అందుకని మొదట చెప్పేది ఇది. ఫైలు మార్చాక, ఆపి మొదలుపెట్టే ముందు, నాగియోస్ హైఫన్ వి అని కొట్టి పక్కనే నాగియోస్ డాట్ సి ఎఫ్ జి ఫైలు దారి ఇవ్వండి. నడుస్తున్న కాపలాని ముట్టుకోకుండా ఫైళ్ళన్నీ చదివి తప్పులు చెబుతుంది. చివర్లో తప్పులు సున్నా అని వస్తేనే ముందుకెళ్ళండి.

తప్పుంటే మొదటిదాన్నే పట్టుకోండి. కిందవి తరచు దాని పిల్లలే. అది చెప్పే లైను నంబరు కూడా జాగ్రత్తగా చూడాలి. 212వ లైను నుంచి మొదలు అంటే ఆ నిర్వచనం అక్కడ మొదలైందని అర్థం. తప్పు అక్షరం ఐదారు లైన్ల కింద ఉండొచ్చు. మూసే బ్రాకెట్టు మరిచిపోతే ఇంకా తమాషా. తరవాతి డిఫైన్ అన్న మాట కనబడేదాకా గోల పెట్టదు. అంటే అప్పుడు మనం చూడాల్సింది ఆ లైనుకి పైన. టెంప్లేటు దొరకలేదంటే చాలాసార్లు ఆ ఫైలు పేరు ప్రధాన ఫైలులో చేర్చి ఉండరు. ఫోల్డరు మొత్తం చదవమని చెప్పినచోట పాత కాపీని సి ఎఫ్ జి తోకతోనే దాచుకున్నారనుకోండి, దాన్నీ చదివేసి ఈ హోస్టు రెండుసార్లు ఉందే అంటుంది. నేను ఈ పని రెండుసార్లు చేశాను.

పరీక్ష నెగ్గినా తప్పు మిగిలే సందర్భాలున్నాయి. ఈ ఫైళ్ళలో సెమికోలన్ తరవాతదంతా వ్యాఖ్య కింద లెక్క. కమాండు మధ్యలో సెమికోలన్ పెడితే మిగతా సగం చప్పుడు లేకుండా పోతుంది. ప్లగిన్ల దారి తప్పు రాసినా పరీక్ష పట్టుకోదు. తీరా నడిచేటప్పుడు 127 అనే కోడుతో ప్లగిన్ లేదేమో అంటుంది. అందుకని మొదలుపెట్టాక వెబ్ పేజీ తెరిచి, కొత్త సర్వీసు పచ్చగా మారేదాకా కళ్ళతో చూడాలి.

ఇదంతా నా అజాగ్రత్త కథే అనుకోకండి. 2003 ఆగస్టు 14 ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. 8 రాష్ట్రాల్లో, కెనడాలోని ఒంటారియోలో సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. కారణాలు చాలా ఉన్నాయి. అందులో ఒకటి, ఒహాయోలో ఫస్ట్‌ఎనర్జీ కంట్రోలు రూములో మధ్యాహ్నం 2:14కి హెచ్చరికల సాఫ్ట్‌వేరు మూగబోవడం. అది కాన్ఫిగరేషన్ తప్పు కాదు, ప్రోగ్రాములోనే దాగిన లోపం. హెచ్చరికలు రావట్లేదంటే అంతా బాగుందనుకున్నారు ఆపరేటర్లు. 3:08కి కంప్యూటరువాళ్ళు సర్వరుని మళ్ళీ మొదలుపెట్టారు గాని, హెచ్చరికలు వస్తున్నాయా అని ఆపరేటర్లని అడగలేదు. నాలుగూ పది దాటేసరికి చీకటి. అదే రోజు ఇండియానాలోని మిడ్‌వెస్ట్ ఐఎస్ఓలో ఒకరు లోపం సరిచెయ్యడానికి ఐదు నిమిషాలకోసారి దానంతటదే నడిచే లెక్కని ఆపి, తిరిగి ఆన్ చెయ్యడం మరిచి భోజనానికి వెళ్ళారు. 2004 ఏప్రిల్‌లో వచ్చిన అమెరికా, కెనడా ప్రభుత్వాల నివేదికలో ఇవి ఉన్నాయి. అది చదువుతుంటే పాప ఏడుపు నాకు మళ్ళీ వినబడింది.

తరవాత నేను చేసిన మార్పు చిన్నదే. వేరే మెషీను నుంచి చెక్ నాగియోస్ అనే ప్లగిన్‌ని నడిపించి, అది కాపలావాడి మీద కాపలా కాసేట్టు చేశాను. రోజూ పొద్దున ఏడింటికి నేనున్నాను అని ఒక మెయిలు కూడా పంపమన్నాను. మా ఆయన దానికి గూర్ఖా మెయిలని పేరు పెట్టారు. ఏడుం పావుకి రాకపోతే కాఫీ పక్కన పెట్టి లాగిన్ అవుతాను.

మీరు వాడేది నాగియోస్ కాకపోవచ్చు. 2009లో దాన్నుంచి విడిపోయిన ఐసింగాలో డెమన్ హైఫన్ పెద్ద సి, ప్రొమీథియస్‌లో ప్రోమ్‌టూల్ చెక్ కాన్ఫిగ్ అదే పని చేస్తాయి.

వచ్చే వారం ఇదే వేళకి మా మిత్రులొకరు పన్నుల ఫారాల గురించి మాట్లాడతారట.