“ఏమ్మా, మీవారు రాలేదా?”

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వరకట్నం, గృహహింస గురించి మాట్లాడుకునే చోట మోటారు సైకిల్ షోరూమ్ ప్రస్తావన కొందరికి చిన్న విషయంగా తోచవచ్చు. పల్లెలు తిరిగి పనిచేసే స్త్రీకి బండి విలాసం కాదు. ఆఖరి బస్సు వెళ్ళిపోయాక ఇల్లు చేరే దారి అదొక్కటే.

ఆ మధ్య ఒక ఆరోగ్య కార్యకర్తకి తోడుగా షోరూమ్‌కి వెళ్ళాను. ఆమెకి గేర్ల బండి కావాలి. మట్టిరోడ్డు గుంతల్లో చిన్న చక్రాల స్కూటర్ నిలవదని ఆమె అనుభవం. జీతం ఆమెది, తీర్చబోయే అప్పూ ఆమెదే. సేల్స్ కుర్రాడు ముందు ఆమె చెప్పుల వంక చూశాడు. “ఏమ్మా, మీవారు రాలేదా?” అన్నాడు. నేను మాత్రం ‘మేడమ్’ని. కుర్చీ, మంచినీళ్ళు నాకే వచ్చాయి. ఆమెని స్కూటర్ల వరసలోకి నడిపించి రంగులు చూపించాడు. మైలేజీ ఎంతని ఆమె అడిగితే జవాబు మాతో వచ్చిన ఆమె తమ్ముడికి చెప్పాడు. ఆ పిల్లవాడికి ఇంకా లైసెన్సు వయసే రాలేదు! నడిపి చూస్తానంటే, “బరువమ్మా, పడిపోతావు” అన్నాడు. నీళ్ళ బిందెలు మోసే ఆడవాళ్ళకి బరువు గురించి పాఠాలు చెప్పే దేశం మనది.

ఇది ఆ కుర్రాడి మర్యాదకి సంబంధించిన సంగతే అయితే ఇక్కడ చెప్పేదాన్ని కాదు. ఎవరు కొంటారో, ఎవరు కొనరో చూపుతోనే తేల్చుకోవడం అక్కడ పనితనంగా చలామణీ అవుతోంది. ఆ చూపులో కులం, వర్గం, జెండర్ కలిసే ఉంటాయి.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చూడండి. వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే ఏర్పాటు ఉండాలంటుంది. అవసరమైన నిబంధనే. బజారులో దాని పేరు ‘సారీ గార్డు’. చీర కట్టుకున్న మనిషి ఎక్కడ కూర్చోవాలో ఆ పేరే చెప్పేస్తోంది.

రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాల్లోకి ప్రవేశంలో కుల, లింగ వివక్షని నిషేధించింది. గుమ్మం దాటాక ఎదురయ్యే ఈ చూపుని పట్టుకోవడం కష్టం. అందుకే కాగితం అడగాలి. షోరూమ్ ధర, పన్ను, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ విడివిడిగా రాసిన కొటేషన్ ఆమె పేరుతోనే ఇమ్మనాలి. ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గరే తీసుకోవాలన్న నియమం లేదు.

ఇంకొకటి. గేర్లు లేని బండికిచ్చే లైసెన్సుతో గేర్ల బండి నడపకూడదు. ఆడవాళ్ళకి ఆ లైసెన్సు చాలులే అనుకుంటే షోరూమ్‌కి వెళ్ళకముందే ఒక తలుపు మూసుకుపోయినట్టే. మీ సంస్థల నుంచి శిక్షణకి పంపేటప్పుడు గేర్ల లైసెన్సుకే దరఖాస్తు చేయించండి. సంఘం అప్పులతో కొన్న బండ్లలో ఎన్నింటి పత్రాలు స్త్రీల పేర్న ఉన్నాయో, వాటిలో ఎన్నింటిని వాళ్ళే నడుపుతున్నారో మీ మీ మండలాల్లో లెక్కతీసి వచ్చే సమావేశానికి పట్టుకురండి.