పెద్ద ఉద్యోగమునకు పంపు రెజ్యూమె

కడప జిల్లాలోని యొక సిమెంటు కర్మాగారమున షిఫ్టు ఇంజనీరుగా ప్రవేశించి, యిరువదియాఱేండ్లలో డిప్యూటీ జనరల్ మేనేజరు పదవి వఱకు వచ్చిన మిత్రుడొకడు నాకు గలడు. వేఱొక సంస్థవారు తమ కర్మాగారమునకంతకును అధిపతిగా నుండదగినవానిని వెదకుచున్నారని విని, అతడు వారికి రెజ్యూమె పంపెను. పిలుపు రాలేదు. ఆ యుద్యోగము తనకంటె తక్కువ యనుభవము గలవానికి లభించినదని తెలిసిన పిదప, ఆ కాగితములను నా యొద్దకు దెచ్చి, "ఇందులో లోపమేమో నీవే చూడన్నా" అనెను.

అవి యేడు పుటలు. మొదటి పుటయందు తండ్రిగారి పేరు, పుట్టిన తేది, వివాహమైనదను మాట, తెలిసిన భాషలు, అభిరుచులు. రెండవ పుటయందు పదవ తరగతి మొదలు పట్టపరీక్ష వఱకు వచ్చిన మార్కులు. తరువాత హాజరైన శిక్షణ తరగతులు, పొందిన ప్రశంసాపత్రములు. అయిదవ పుటకు వచ్చినగాని యతని చేతిక్రింద నాలుగువందలమంది పనిచేయుచున్నారని తెలియదు. అదియు "ఉత్పత్తి శాఖకు బాధ్యత వహించుచున్నాను" అను నొక్క వాక్యములో నణగియున్నది. చిట్టచివర, పై విషయములన్నియు సత్యములని ప్రమాణము, సంతకము. అతని సమర్థత నేనెఱిగినదే. ఏడు పుటలు చదివినను అది నాకెచ్చటను కనబడలేదు.

చిన్న యుద్యోగమునకు అర్జీ పెట్టువానిని, ఏమి చదివితివి, ఏ పని వచ్చును అని యడుగుదురు. పెద్ద యుద్యోగమున నా ప్రశ్న వెనుకబడిపోవును. డైరెక్టర్ల బోర్డువారు తెలిసికొనగోరునది వేఱు: ఇంతకు పూర్వము ఇతని చేతికిచ్చినది ఏ స్థితిలో నుండెను? ఇతడేమి నిర్ణయించెను? ఏ స్థితిలో విడిచెను? ఈ మూటికి సమాధానము లేని కాగితములో ఎన్ని పదవుల పేర్లున్నను, అవి భట్టు చదివిన బిరుదావళి మాత్రమే.

బిరుదావళి యన్నంతనే నాకు మన వల్లూరు జ్ఞప్తికి వచ్చును. పుష్పగిరికి చేరువనున్న యీ యూరు ఒకప్పుడు కాయస్థ నాయకుల రాజధాని. కాకతి గణపతిదేవుని కొలువున అశ్వసైన్యాధికారియైన గంగయసాహిణితో ఆ వంశమువారి ప్రాభవ మారంభమైనది. ఆ వంశమున 1272లో అధికారమునకు వచ్చిన అంబదేవుడు, 1290లో, అనగా శకవర్షము 1212లో, త్రిపురాంతకేశ్వరుని యాలయమున నొక సంస్కృత శాసనము వేయించెను. చరిత్రకారులు దానిని తమ యవసరములకు చదువుదురు. ఉద్యోగార్థుల కాగితములు చదివి చదివి యలవాటుపడిన నాకది యొక రెజ్యూమెవలెనే తోచును. అందును చాలవఱకు మంచి రెజ్యూమెవలె.

ఏలయన, అందు బిరుదున్నచోట బిరుదునకు కారణమైన కార్యమును గలదు. శ్రీపతి గణపతి యను నాయకుని గెలిచి, అతని "రాయసహస్రమల్ల" బిరుదమును తాను గైకొంటినని చెప్పెను. డెబ్బదియైదుగురు నాయకుల శిరములు ఖండించితినని లెక్క చెప్పెను. ఆ లెక్క సరిచూచుటకు సాక్షులెవరు మిగిలిరో మనకు తెలియదు గాని, "పెక్కుమందిని" అని యూరకుండలేదు గదా! కాడవరాజైన కొప్పెరుంజింగని పేరు చెప్పి, అతని నోడించితిననెను. రాజ్యము గోల్పోయిన మనుమగండగోపాలుని మరల నెల్లూర నిలిపితిననెను. ఈ కడపటి మాటను మీరు గమనింపుడు. ముందు స్థితి యేది, తరువాతి స్థితి యేది, నడుమ తన చేయి యేది, అన్నియు నొక్క వాక్యములోనే యిమిడినవి.

నా మిత్రుని యెదుట గూర్చుండి నేను చేసినది ఇంతే. కాగితము మూసి ప్రక్కన బెట్టి, "కిల్ను నీ చేతికి వచ్చిననాడెట్లుండెను?" అని యడిగితిని.

"ఏడాదికి 14 మార్లు నిలిచిపోయెడిదన్నా. నిలిచిన ప్రతిసారి మరల వేడెక్కించుటకు బొగ్గు దండుగ, కాలము దండుగ."

"ఇప్పుడో?"

"పోయిన సంవత్సరము 5 మార్లు."

"నడుమ నీవు చేసినదేమి?"

అతడు కొంతసేపాలోచించెను. ఇన్నేండ్లలో ఆ ప్రశ్న యెవ్వరును అడిగి యుండలేదు. పిమ్మట మెల్లగా చెప్పుకొనివచ్చెను. నెలాఖరు లెక్క నిండించుటకై కిల్నును శక్తికి మించి నడుపుట వాడుకయట; దానిచే లోపలి యిటుకలు కాలమునకు ముందే రాలిపోయెడివట. ఆ వాడుకను ఇతడు మాన్పించెను. మొదటి రెండు నెలలు ఉత్పత్తి తగ్గి, పైవారిచే మాటలు పడెను. ఇటుకలు మార్చుటకు ముందుగనే దినములు నిర్ణయించెను. అంతవఱకు ఒకరిమీద నొకరు నేరము మోపుకొనుచుండిన ఉత్పత్తి శాఖవారిని, యంత్రశాఖవారిని ప్రతి ఉదయము ఒక్క బల్లయొద్ద గూర్చుండబెట్టెను.

"ఇది యెచ్చట వ్రాసితివి?" అంటిని.

"ఇదియు వ్రాయదగినదేనా? ఇది దినదినము చేయుపని గదా!" అనెను.

మన ప్రాంతమువారి యందు నేను తఱచుగా చూచు గుణమిది. ఎఱ్ఱగుంట్ల సిమెంటు కర్మాగారములలోనేమి, రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రమునందేమి, తుమ్మలపల్లె యురేనియం గనిలోనేమి, క్రిందిమెట్టునుండి ఎక్కివచ్చినవారు తాము చేసిన కష్టమును కూలివలె నెంచి విడిచిపెట్టి, ఎవరో యిచ్చిన ప్రశంసాపత్రములను మాత్రము జాగ్రత్తగా వ్రాయుదురు. వినయము మంచిదే. కాని వందల మైళ్ల దూరమున గూర్చున్న యెఱుగనివానికి మీ వినయమునకును, మీ అసమర్థతకును భేదము తెలియుటెట్లు?

అంకెలు వ్రాయునప్పుడు ఒక జాగ్రత్త వలయును. మీ సంస్థవారి వ్యయములు, వారి ధరలు, వారి వాడుకరుల పేర్లు మీ సొత్తు కావు. "ఇంధన వ్యయము నూటికి ఇంత తగ్గినది" అనవచ్చును గాని, టన్నుకెంత యను రహస్యమును వెల్లడింపరాదు. నేటి యజమాని రహస్యమును రెజ్యూమెలో చాటినవాడు రేపు తమ రహస్యమునేమి చేయునోయని చదువువాడే శంకించును.

ఇక "నేను" అను మాట. మా మిత్రుడు దానికి భయపడి అంతటను "మేము" అని వ్రాసెను. కొందఱు అంతటను "నేను" అనియే వ్రాయుదురు. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర వార్ధక్యమున తన సాహిత్యజీవితమును గూర్చి తానే యొక వృత్తాంతము వ్రాసికొనెను. అదియు ఒక విధమున రెజ్యూమెయే. తెలుగు వాఙ్మయమునకు తాను ప్రాణము పోసితినన్న గర్వము ఆయనకు లేకపోలేదు. అయితే తాళపత్రములను పోల్చి పాఠములు తేల్చినవారు, వ్యాఖ్యలు వ్రాసినవారు జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య మొదలగు పండితులు. 1851లో దొర యచ్చువేయించిన మనుచరిత్రమునకు వ్యాఖ్య అప్పయ్యగారిదే. మఱి దొర చేసినదేమి? వ్రాతప్రతులు సేకరించెను, తన జీతమునుండి పండితులకు జీతములిచ్చెను, ఏ గ్రంథము పరిష్కరింపవలెనో నిర్ణయించెను. అది చిన్న పని యనగలమా? పెద్ద యుద్యోగి పని యచ్చముగా నట్టిదే. ఇటుక పేర్చినవాడు వేఱు, ఏనాడు పేర్చవలెనో నిర్ణయించి ఆ నిర్ణయమునకు తల యొగ్గి నిలిచినవాడు వేఱు. "రెండు శాఖల యింజనీర్లతో కలిసి" అని వ్రాసి, తరువాత "నిర్ణయము నాది" అని వ్రాసినచో ఎవరి భాగము వారికి దక్కును, చదువువాడును నమ్మును.

రూపమును గూర్చి యెక్కువ చెప్పనక్కఱలేదు. రెండు పుటలు, మిక్కిలియైన మూడు. పైభాగమున అయిదాఱు పంక్తులలో మీరెవరో, ఎంత పని యెంతమందితో నడిపితిరో, ఇప్పుడేమి కోరుచున్నారో తెలియవలెను. పిమ్మట నేటి యుద్యోగమునుండి వెనుకకు నడువవలెను. కడచిన పదియేండ్లకు విస్తారము, అంతకు పూర్వమునకు తలకొక పంక్తి, చదువు చివర. తండ్రి పేరు, వివాహము, ప్రమాణవాక్యము తీసివేయుడు. ఈ దినములలో పెద్ద సంస్థలకు చేరిన కాగితమును పెక్కుమార్లు మనుష్యునికంటె ముందు కంప్యూటరు చదువుచున్నది గనుక గళ్లు, బొమ్మలు, రంగులు వలదు. ప్రకటనలో వారు కోరిన పని మీరు నిజముగా చేసియున్నచో, దానిని వారి మాటతోనే చెప్పుడు. ఒక్క కాగితమునే పదిచోట్లకు పంపుట పెండ్లిపత్రిక పంచినట్లుండును. ప్రతిచోటికిని కొంత మార్చి వ్రాయవలసినదే.

మిగిలినది కష్టమైన సంగతి. అంబదేవుని శాసనము చాలవఱకు మంచి రెజ్యూమె యంటిని గాని, పూర్తిగా ననలేదు. తన వంశమును నిలిపిన కాకతీయ ప్రభువుల ఊసే అందు లేదు. పాతికేండ్లకు పైగా ఏ నీడను తన వంశము పెరిగెనో ఆ నీడను ఒక్క యక్షరముతోనైన స్మరింపలేదు. రుద్రమదేవిపై తిరుగబడి స్వతంత్రుడైనవాడు గనుక స్మరింపనొల్లడయ్యెను. కాని ఆనాడు ఆ యాలయములో శాసనము చదివినవారందఱికిని ఆ సంగతి తెలియును. వారి కన్నులు ముందుగా లేని మాటమీదనే పడియుండును. మఱుసటి యేడు 1291లో త్రిపురాంతకమున మరల కాకతీయ పక్షమువారి శాసనము వెలసినది.

మా మిత్రుని పత్రములోను అట్టి శూన్యస్థల మొకటి యుండెను. నడుమ పదునాలుగు నెలలు లెక్కకు రావు. అడిగితిని. అతని ముఖము చిన్నవోయెను. క్రొత్త పిండిమిల్లు, అనగా క్లింకరు విసరు యంత్రము, నిలుపు పని అతనికప్పగింపబడెనట. సరఫరాదారు మాట నమ్మి పునాదుల పరీక్ష తొందరగా ముగించెను. యంత్రము కంపించి, పని మరల మొదటికి వచ్చెను. అతడా యుద్యోగము విడిచి, కొన్ని నెలలు ప్రొద్దుటూరిలో ఇంటనే యుండెను.

"అది వ్రాసినచో ఎవరు పిలుతురన్నా?" అనెను.

"వ్రాయనందున నెవరైన పిలిచిరా?" అంటిని.

రెండు పంక్తులు వ్రాసితిమి. పని యేది, తాను చేసిన పొరపాటేది, దానివలన తరువాతి పనులలో పునాదుల విషయమున తాను విధించుకొన్న నియమమేది. ఏడు పుటలు రెండైనవి. కిల్ను సంగతి మొదటి పుటలో మూడు పంక్తులైనది. ఆ పత్రము పంపిన నాలుగుచోట్లలో రెంటినుండి పిలుపు వచ్చినది. ఒకచోట ఇంటర్వ్యూలో నలువది నిమిషములు కూర్చుండబెట్టి, అందు ముప్పది నిమిషములు ఆ పునాదులను గూర్చియే యడిగిరట. ఆ యుద్యోగమతనికి రాలేదు. రెండవచోట నుండి, ఏప్రిల్ ఒకటవ తేదీన వచ్చి చేరవలసినదని ఉత్తరువు వచ్చినది.